సింగపూర్ పాత సిటీ హాల్‌కి అత్తమామల్ని తీసుకెళ్తున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

సెంగ్‌కాంగ్ కోడలు:

అందరికీ నమస్తే. మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చే వారం రాజమండ్రి నుంచి వస్తున్నారు, నెల రోజులుంటారు. ఇదివరకు 2017లో ఒకసారి గ్రూప్ టూర్‌లో వచ్చారు, ఆ టూర్ వాళ్లు నాలుగు రోజుల్లో మెర్లయన్, సెంటోసా, షాపింగ్ అని పరుగులు పెట్టించి పంపేశారు. మామయ్యగారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బస్సులో పోతుంటే పెద్ద పెద్ద స్తంభాలున్న బిల్డింగ్ ఒకటి కనపడిందట, గైడ్ మైకులో "అదిగో సిటీ హాల్" అనేలోపే బస్సు సిగ్నల్ దాటేసిందట. "జపాన్ వాళ్లు లొంగిపోతూ సంతకం పెట్టింది అక్కడేనమ్మా, క్లాసులో ఎన్నేళ్లు చెప్పానో, ఒక్క ఐదు నిమిషాలు దింపమంటే దింపలేదు" అని ఇప్పటికీ ఫోన్లో అంటూనే ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు ఎలాగో అయిపోతుంది.

ఇప్పుడది నేషనల్ గ్యాలరీ అయింది కదా. నేను ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నా, రోజూ సిటీ హాల్ స్టేషన్‌లో ట్రైన్ మారతాను కానీ బయటికొచ్చి ఆ బిల్డింగ్ లోపలికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. అందుకే అడుగుతున్నా. లోపలంతా పెయింటింగ్సేనా, పాత సిటీ హాల్ తాలూకు గదులు ఏమైనా అలాగే ఉంచారా? మామయ్యగారికి చరిత్ర కావాలి, అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మా వాడికి ఎనిమిదేళ్లు, ఓ చోట నిలబడడు. ముగ్గురికీ సరిపోయేలా ఒక పూటలో ఎలా చూపించాలో చూసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

పన్నెండేళ్ల సింగపూరు:

అమ్మా, మీరు అడిగిన తీరు చూసి రాయకుండా ఉండలేకపోయాను, నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన బిల్డింగ్ అది. ఒక్కటే ముఖ్యమైన మాట చెప్తాను, మిగతావి మర్చిపోయినా పర్లేదు. అక్కడికి పెయింటింగ్స్ కోసం వెళ్తున్నాం అనుకోకండి, ముందు బిల్డింగ్‌ని చూడ్డానికి వెళ్లండి. బొమ్మలు తర్వాత. చాలామంది స్టేషన్ నుంచి వచ్చి నేరుగా లోపలికి దూరి ఏసీలో గ్యాలరీ తర్వాత గ్యాలరీ తిరిగి, రెండు గంటలకి తల తిరిగి బయటికొచ్చేస్తారు, అసలు తాము ఎక్కడ నిలబడ్డారో తెలుసుకోకుండానే.

అందుకే మీరు ఎదురుగా ఉన్న మైదానం వైపు నుంచి మొదలుపెట్టండి. దాన్ని పడాంగ్ అంటారు, మలయ్ భాషలో పడాంగ్ అంటే మైదానమే. రోడ్డుకి అవతల గడ్డి మీద నిలబడి చూస్తే పక్కపక్కనే రెండు బిల్డింగులు కనపడతాయి. మీ కుడి చేతి వైపు వరసగా 18 కొరింథియన్ స్తంభాలున్నది సిటీ హాల్, 1929లో పూర్తయింది, అప్పట్లో పేరు మునిసిపల్ బిల్డింగ్, 1951లో సింగపూర్‌కి సిటీ హోదా వచ్చాకే సిటీ హాల్ అన్నారు. ఎడమ పక్కన పచ్చటి గుమ్మటం ఉన్నది పాత సుప్రీం కోర్టు, అది పదేళ్ల తర్వాత 1939లో వచ్చింది. ఇప్పుడు ఈ రెండూ కలిపే నేషనల్ గ్యాలరీ. 2015 నవంబర్ 24న తెరిచారు, రెండిటి మధ్య సందు మీద గాజు కప్పు వేసి పై అంతస్తుల్లో వంతెనలు కట్టారు. పాత సుప్రీం కోర్టుకి వెనకాలే కొత్త సుప్రీం కోర్టు బిల్డింగ్ ఉంది, పైన గుండ్రంగా పళ్లెంలా ఉంటుంది, అదేంటని పిల్లాడు అడుగుతాడు ఎలాగూ.

ఆ సిటీ హాల్ మెట్ల దగ్గర మామయ్యగారిని కాసేపు ఒంటరిగా వదిలేయండి. 1945 సెప్టెంబర్ 12న జపాన్ తరఫున జనరల్ ఇటగాకి ఆ మెట్లెక్కే లోపలికి వెళ్లి మిత్రదేశాల సేనాధిపతి లార్డ్ మౌంట్‌బాటెన్ ముందు లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. 1942 ఫిబ్రవరిలో బ్రిటిష్ వాళ్లు ఇదే ఊళ్లో జపాన్‌కి లొంగిపోయాక దాచిపెట్టిన బ్రిటిష్ జెండానే ఆ రోజు మళ్లీ ఎగరేశారు. 1959 డిసెంబర్ 3న సింగపూర్ జెండా, జాతీయ గీతం జనానికి పరిచయమైంది ఆ మెట్ల మీదే. 1963 సెప్టెంబర్ 16న మలేషియాలో కలుస్తున్నామని లీ క్వాన్ యూ ప్రకటించింది కూడా ఇక్కడే, ఆ రోజు ఆయన నలభయ్యో పుట్టినరోజు. రెండేళ్లు తిరక్కుండానే విడిపోయారు, 1966లో మొదటి నేషనల్ డే పరేడ్ మళ్లీ ఈ పడాంగ్ మీదే జరిగింది. మాస్టారు గారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి, కానీ పుస్తకంలో చదవడం వేరు, ఆ రాతి మెట్టు మీద కాలు పెట్టడం వేరు.

లోపల సంతకాలు జరిగిన ఛాంబర్‌ని అలాగే కాపాడారు. ఒక్కోసారి ఏదో ఫంక్షన్ కోసం మూసి ఉంటుంది కాబట్టి వెళ్లగానే ఇన్ఫర్మేషన్ కౌంటర్‌లో "సిటీ హాల్ ఛాంబర్ ఇవాళ చూడొచ్చా" అని ముందే అడగండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు అడక్కుండా నాలుగు గంటలు తిరిగి చివర్లో వెళ్తే తలుపు వేసుంది, ప్రాణం ఉసూరుమంది.

సుప్రీం కోర్టు వైపు కూడా తప్పకుండా వెళ్లండి. ముందు హాల్లో (ఫోయర్ అంటారు) నేల మీద శంకుస్థాపన రాయి ఉంటుంది, 1937లో వేసింది, దాని కింద ఒక టైమ్ క్యాప్సూల్ పెట్టారు, అందులో అప్పటి న్యూస్‌పేపర్లు, నాణేలు ఉన్నాయి, దాన్ని 3000 సంవత్సరం దాకా తియ్యకూడదు. మా అమ్మాయి ఆ రాయి పక్కన కూర్చుని "అప్పటికి మనం ఎన్నో తరం నాన్నా" అని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఖైదీల్ని ఉంచిన సెల్స్ కొన్ని అలాగే ఉంచారు. చిన్న గుమ్మటం కింద గుండ్రటి గది ఉంటుంది, ఒకప్పుడు లా లైబ్రరీ, ఆ గదిలో నిలబడి ఒక్కసారి పైకి చూడండి.

కరీంనగర్ బిడ్డ:

పైన అన్న మంచిగ చెప్పిండు. నేను ఒక్క సంగతి కలుపుత, మీ మామయ్యగారు సోషల్ సారు అంటున్నరు కాబట్టి ఇది ఆయనకు చెప్పకుండ ఉండద్దు.

జపాన్ లొంగిపోయిన కథ అందరు చెప్తరు. కానీ దానికి రెండేండ్ల ముందు, 1943 జులై 5 నాడు, అదే బిల్డింగ్ ముంగట, అదే పడాంగ్ మీద సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికుల ముంగట నిలబడి "చలో ఢిల్లీ" అన్నడు. ఇది మనం చిన్నప్పుడు పుస్తకంల చదివినం కానీ ఎక్కడ అన్నడో మనకెవ్వరు చెప్పలె. ఆ ఫౌజులకు మలయా తోటల్ల పనిచేసిన మనోళ్లు ఎంతోమంది వచ్చి చేరిన్రు. బోస్ వెంబడి జర్మనీ నుంచి సబ్‌మెరైన్‌ల వచ్చిన ఆబిద్ హసన్ మన హైదరాబాద్ మనిషి, "జై హింద్" అనే పలకరింపు ఆయన పెట్టిందే అని చెప్తరు. నేను పోయినేడు మా బాపుని తీసుకపోయిన, ఈ ముచ్చట చెప్పంగనే ఆయన చెప్పులు ఇడిసి గడ్డి మీద నిలబడ్డడు. నేనేం మాట్లాడలె.

ఇంకోటి ఉన్నది. పడాంగ్ దాటి రోడ్డు అవతల ఎస్ప్లనేడ్ పార్కు అని ఉంటది. 1945 జులై 8 నాడు బోస్ అక్కడ ఫౌజుల చనిపోయినోళ్ల కోసం స్మారక స్తంభానికి పునాది రాయి వేసిండు. దాని మీద మూడు మాటలు, ఇత్తెఫాక్, ఎత్మాద్, కుర్బానీ. అంటే ఐకమత్యం, విశ్వాసం, త్యాగం. బ్రిటిష్ వాళ్లు సెప్టెంబర్‌ల తిరిగి రాంగనే మౌంట్‌బాటెన్ ఆర్డర్ మీద దాన్ని పేల్చేసిన్రు. అంటే ఆలోచించుండ్రి, అదే నెల, అదే మనిషి, నాలుగు అడుగుల దూరంల ఒక దిక్కు సిటీ హాల్‌ల జపాన్ సంతకాలు తీసుకుంటున్నడు, ఇంకో దిక్కు మనోళ్ల గుర్తు కూలగొట్టిస్తున్నడు. 1995ల సింగపూర్ వాళ్లే ఆ జాగల ఒక ఫలకం పెట్టిన్రు. చాలామంది ఫొటోలు దిగుకుంట దాని పక్క నుంచే పోతరు, చూడరు. మీరు ముందు ఆడికే పోయి, తర్వాత పడాంగ్ దాటి సిటీ హాల్ మెట్ల దాక నడుసుకుంట రండ్రి. నడక తక్కువే, అమ్మ కూడ నడవగలదు. కాకపోతే పొద్దుగాల్నే పోవాలె, పదకొండు దాటితే ఎండ తట్టుకోలేరు.

రంగుల డబ్బా:

మాస్టారు గారి గురించి ఇద్దరూ చెప్పేశారు కాబట్టి నేను బాబు గురించి చెప్తానండి, నేను పిల్లలకి డ్రాయింగ్ నేర్పిస్తాను, స్టూడెంట్స్‌ని చాలాసార్లు తీసుకెళ్లాను.

ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎనభై బొమ్మలు చూపించొద్దు, మూడు చూపించండి చాలు. మిగతా గోడల పక్కనుంచి నడిచి వెళ్లిపోండి, ఏం తప్పు కాదు. బయల్దేరే ముందు బాబు చేతికి ఒక యాభై డాలర్ల నోటు ఇవ్వండి. వెనక వైపు ఎండు చేపలు ఆరబెట్టే మనుషుల బొమ్మ ఉంటుంది, అది చోంగ్ సూ పియెంగ్ 1978లో వేసిన పెయింటింగ్. పొడుగు పొడుగు చేతులు, సన్నటి మెడలు, సగం మూసిన కళ్లు. నోటు పట్టుకుని అసలు బొమ్మ ఎక్కడుందో వెతకమనండి, మా పిల్లలు గ్యాలరీ అంతా దొంగా పోలీస్ ఆటలా తిరిగారు. కాకపోతే బొమ్మలు మారుస్తూ ఉంటారు కాబట్టి మీరు వెళ్లే రోజు గోడ మీద ఉందో లేదో కౌంటర్‌లో ముందే కనుక్కోండి, లేకపోతే పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు.

రెండోది సుప్రీం కోర్టు వైపు ఉండే రాడెన్ సాలే వేసిన అడవి మంట బొమ్మ. 1849 నాటిది, మూడు మీటర్ల ఎత్తు, దాదాపు నాలుగు మీటర్ల వెడల్పు. మంట తరుముకొస్తుంటే జంతువులన్నీ కొండ అంచుకి పరిగెత్తుకొచ్చి ఇక వెళ్లడానికి చోటు లేక నిలబడిపోతాయి. పులి, దున్న పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి పట్టించుకునే స్థితిలో ఉండవు. ఆయన జావా మనిషి, యూరప్‌లో చాలా ఏళ్లు ఉండి బొమ్మలు నేర్చుకున్నాడు, దీన్ని డచ్ రాజుకి ఇచ్చాడు. పిల్లాణ్ణి దగ్గరికి కాదు, ముందు దూరంగా నిలబెట్టి తర్వాత మెల్లగా నడిపించండి, ఆ వేడి తగిలినట్టే ఉంటుంది.

మూడోది నాకు ప్రాణం. చువా మియా టీ 1959లో వేసిన నేషనల్ లాంగ్వేజ్ క్లాస్. గుండ్రటి బల్ల చుట్టూ కొందరు కూర్చుని మలయ్ నేర్చుకుంటూ ఉంటారు, మాస్టారు నిలబడి ఉంటాడు, వెనక నల్ల బోర్డు మీద రెండే ప్రశ్నలు. నీ పేరేంటి, నువ్వెక్కడుంటావు. అంతే. పరాయి దేశంలో అడుగుపెట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునేది ఆ రెండు ప్రశ్నలే కదండీ, నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో నోటికి రాని ఇంగ్లిష్‌తో అదే చెప్పుకుంటూ తిరిగాను. ఆ బొమ్మ ముందు నిలబడితే నాకు ఎప్పుడూ కళ్లు చెమరుస్తాయి. మీ మామయ్యగారు బోర్డు ముందు జీవితం గడిపినవారు, ఆయన్ని అక్కడిదాకా తీసుకెళ్లండి.

కింద పిల్లల కోసమే కెప్పెల్ సెంటర్ అని ఒకటుంది, అక్కడ బాబు చేత్తో ముట్టుకుని ఆడుకోవచ్చు, పెద్దవాళ్లు అలిసిపోయినప్పుడు ఒకరు అక్కడ కూర్చుంటే సరిపోతుంది.

ఆదివారం నడక:

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమనుకోవద్దు. మా అమ్మానాన్నని తీసుకెళ్తే గంటన్నరకే ఇద్దరూ బెంచీ మీద కూలబడ్డారు. చాలా పెద్దది అది, 64 వేల చదరపు మీటర్లు, రెండు బిల్డింగులూ ఒకే పూట అంటే పెద్దవాళ్లకి శిక్షే. మీకు నెల రోజులున్నాయి కదా, మొదటి రోజు సిటీ హాల్ వైపు మాత్రమే చూసి పైన రూఫ్ గార్డెన్‌కి లిఫ్ట్‌లో వెళ్లి కూర్చోండి. అక్కడినుంచి పడాంగ్ మొత్తం, దాని వెనకాల మెరీనా బే టవర్లు అన్నీ కనపడతాయి. సుప్రీం కోర్టు ఇంకో రోజు పెట్టుకోండి. రెండోసారి టికెట్ డబ్బులు దండగ అనిపించొచ్చు కానీ ఓపిక అయిపోయాక చూసింది ఏదీ గుర్తుండదు.

మందుల చీటీ:

అక్కా, అత్తయ్యగారి మోకాళ్ల గురించి. నేను హాస్పిటల్‌లో పనిచేస్తాను, మా అమ్మకి కూడా ఇదే సమస్య కాబట్టి చెప్తున్నా.

ఎదురుగా ఉన్న ఆ పెద్ద మెట్లు ఎక్కాల్సిన పనే లేదు, మామూలు ఎంట్రన్సులు రోడ్డు లెవెల్లోనే ఉన్నాయి, లోపల అన్ని అంతస్తులకీ లిఫ్టులున్నాయి. కౌంటర్‌లో అడిగితే వీల్‌చైర్ ఇస్తారు, మా అమ్మ మొదట "నేనేమైనా పేషెంట్‌నా" అని వద్దంది, గంట తర్వాత తనే అడిగింది. అందుకని వెళ్లగానే తీసుకుని ఖాళీగా తోసుకుంటూ తిరగండి, అందులో బ్యాగులు పెట్టండి, అలిసిపోయినప్పుడు ఆవిడే కూర్చుంటారు. లోపల ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా మర్చిపోవద్దు. పొద్దున పదికి తెరుస్తారు, సాయంత్రం ఏడుకి మూస్తారు. ఇక్కడి సిటిజన్స్‌కి, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉన్నవాళ్లకి మామూలు గ్యాలరీలు ఫ్రీ, అత్తయ్యగారు వాళ్లకి టికెట్ తీసుకోవాలి, రేటు ఆ రోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి. వాలంటీర్లు తిప్పి చూపించే టూర్లు ఉంటాయి, బిల్డింగ్ చరిత్ర చెప్పే టూర్ దొరికితే మామయ్యగారిని అందులో కలిపేయండి.

భోజనం అక్కడ పెట్టుకోవద్దు, రెస్టారెంట్లు ఖరీదు, పైగా పెద్దవాళ్లకి ఆ తిండి ఎక్కదు. సిటీ హాల్ స్టేషన్ నుంచి ధోబీ ఘాట్ ఒక్క స్టాప్, అక్కడ లైన్ మారితే లిటిల్ ఇండియా ఇంకో స్టాప్. అరగంటలో అరిటాకు ముందు కూర్చుంటారు.

సెంగ్‌కాంగ్ కోడలు:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మీ అందరి మాటలూ మామయ్యగారికి ఫోన్లో చదివి వినిపించాను, నేతాజీ సంగతి దగ్గర "మళ్లీ చదువమ్మా" అన్నారు. రెండు రోజులుగా చెయ్యమన్న సలహా బాగుంది, అలాగే చేస్తాం. ఇంకొక్క డౌట్, స్టేషన్ నుంచి బిల్డింగ్‌కి నడిచే దారిలో ఏమైనా చూడాల్సినవి ఉన్నాయా, లేక టాక్సీలో దిగిపోవడమే మంచిదా?

పన్నెండేళ్ల సింగపూరు:

నడవండి, టాక్సీ వద్దు. స్టేషన్ బయటికి రాగానే తెల్లటి చర్చి ఉంటుంది, సెయింట్ ఆండ్రూస్ కథీడ్రల్. దాన్ని కట్టింది ఎవరనుకుంటున్నారు, మన దేశం నుంచి బేడీలేసి తీసుకొచ్చిన ఖైదీలు. 1856లో మొదలుపెట్టి ఆరేళ్లలో పూర్తి చేశారు. లోపలి గోడలకి పూసింది మద్రాసు సున్నం, ఆల్చిప్పల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి రుబ్బి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి చేసింది. మనూళ్లలో పాత మండువా లోగిళ్లకి గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ వేసేవాళ్లు కదా, అదే విద్య సముద్రం దాటి వచ్చింది. గోడ ఆరాక రాయితో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఆ మనుషుల పేర్లు మనకి తెలీవు, చేతిపని మాత్రం ఇంకా నిలబడుంది. అత్తయ్యగారికి కాసేపు కూర్చోడానికి లోపల చల్లగా బెంచీలు కూడా ఉంటాయి.

ఇంకో రోజు ఓపికుంటే పడాంగ్ అవతల గడియారం గోపురం ఉన్న విక్టోరియా థియేటర్ చూడండి. ఊరి మొదటి టౌన్ హాల్ అదే, 1862 నాటిది, 1909 నాటికే నాటకశాలగా మార్చేశారు. అంటే ఈ ఊళ్లో టౌన్ హాల్‌ని కళల కోసం ఇచ్చెయ్యడం వందేళ్ల నాటి అలవాటే. 1958లో ఆ థియేటర్‌ని బాగుచేసి మళ్లీ తెరుస్తున్నప్పుడు రాయించుకున్న పాటే తర్వాత వీళ్ల జాతీయ గీతం అయింది.

మలక్‌పేట్:

ఈ థ్రెడ్ చదువుతుంటే మన అసెంబ్లీ గుర్తొచ్చింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో తెల్లగా మెరిసే పాత అసెంబ్లీ బిల్డింగ్ కూడా మొదట టౌన్ హాలే, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టి 1913కి పూర్తి చేశారు. అక్కడ టౌన్ హాల్ బొమ్మల కొలువు అయింది, ఇక్కడ టౌన్ హాల్ శాసనసభ అయింది. మా తాత చేయి పట్టుకుని ఆ గేటు బయట నుంచి చూడటమే తప్ప నేను లోపల ఎప్పుడూ అడుగు పెట్టలేదు. అక్కడ మామూలు మనుషులు సంతకాలు జరిగిన గదిలోకి కూడా నడిచి వెళ్లగలుగుతున్నారంటే చాలా సంతోషంగా ఉంది. మన ఊళ్లలో కూడా ఇలా తెరిచిన పాత బిల్డింగులు ఇంకా రావాలి, ఇది నేను మనస్ఫూర్తిగా అంటున్నా.

సెంగ్‌కాంగ్ కోడలు:

వెళ్లొచ్చామండీ! నిన్ననే. చెప్పినట్టే చేశాం, ఎనిమిదింటికి ఇంట్లో బయల్దేరి ముందు ఎస్ప్లనేడ్ పార్కులో ఆ ఫలకం దగ్గరికి వెళ్లాం. కరీంనగర్ తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే నిజంగానే పక్కనుంచి వెళ్లిపోయేవాళ్లం. మామయ్యగారు కళ్లజోడు తుడుచుకుని అక్షరం అక్షరం చదివి, మా వాణ్ణి ముందు నిలబెట్టి సెల్యూట్ చెయ్యమన్నారు. వాడు "ఎవరికి తాతయ్యా, ఇక్కడ ఎవరూ లేరుగా" అన్నాడు. అప్పుడు ఆయన అక్కడే గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పారు, సబ్‌మెరైన్ దగ్గర్నుంచి. నలభై నిమిషాలు పట్టింది. నిలబడని పిల్లాడు కదలకుండా విన్నాడు.

ఛాంబర్ తెరిచే ఉంది. మామయ్యగారు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే నేనే ఆపాను. లోపల ఏమీ మాట్లాడలేదు, గోడకున్న చెక్క పని మీద చెయ్యి పెట్టబోయి మళ్లీ వెనక్కి తీసుకున్నారు, ముట్టుకోకూడదేమోనని. నేను ఫొటో తీస్తానంటే కూడా కాసేపు ఆగమన్నారు. బయటికొచ్చాక "పాఠంలో రెండు లైన్లే ఉండేదమ్మా" అన్నారు.

అత్తయ్యగారు వీల్‌చైర్ వద్దంటారనుకున్నా, ఖాళీగా తోసుకెళ్లే ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది, మూడో గ్యాలరీలో తనే కూర్చున్నారు. ఆవిడకి బొమ్మలకంటే కథీడ్రల్ గోడ నచ్చింది, "మా పుట్టింట్లో హాలు గోడ ఇలాగే ఉండేది, అమ్మ దాన్లో చూసుకుని బొట్టు పెట్టుకునేది" అన్నారు. పెళ్లయ్యి పదేళ్లయింది, ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

యాభై డాలర్ల నోటు బొమ్మ వెతకడం మావాడికి పండగే, వాడు గట్టిగా అరిస్తే సెక్యూరిటీ ఆవిడ నవ్వుతూ వేలు పెదాల మీద పెట్టింది. ఇంక డ్రాయింగ్ మేడమ్ గారూ, మీరు చెప్పిన క్లాసు బొమ్మ కూడా దొరికింది. మామయ్యగారు బోర్డు మీద ఉన్న మలయ్ మాటలు జేబులో ఉన్న చిన్న పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు, సియాపా నామా కాము, ది మానా అవాక్ తింగల్. రాత్రి భోజనాల దగ్గర కూడా అదే అడుగుతున్నారు మావాణ్ణి, వాడు బదులు చెప్తే మార్కులు వేస్తున్నారు. ఇవాళ పొద్దున కింద లిఫ్ట్ దగ్గర మా బ్లాక్‌లో ఉండే మలయ్ పెద్దాయన కనిపిస్తే ఆయన్నీ అడిగారు. ఆ పెద్దాయన ఒక్క క్షణం ఆగి, పేరు చెప్పి, పై అంతస్తు వైపు వేలు చూపించి, మామయ్యగారి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నారు.

సుప్రీం కోర్టు వైపు ఇంకా చూడలేదు, అడవి మంట, టైమ్ క్యాప్సూల్ రాయి రెండూ మిగిలాయి. గురువారం వెళ్తున్నాం. ఆ వైపుకి దగ్గరగా ఉండే ఎంట్రన్స్ ఏదో, అక్కడ కూడా వీల్‌చైర్ ఇస్తారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.